వెంటపడటానికి ఇంగ్లీషులో ఏ మాట? ‘గో ఆఫ్టర్’, ‘రన్ ఆఫ్టర్’, ‘ఛేజ్’, ‘పర్స్యూ’ల మధ్య ఎంపిక

తెలుగులో ‘వెంటపడు’ అనే ఒక్క క్రియతో ఎన్నో సంగతులు చెప్పగలం. దొంగ వెంటపడతాం, ఉద్యోగం వెంటపడతాం, బాకీ తీర్చని మనిషి వెంటపడతాం, సంతకం పెట్టని అధికారి వెంటపడతాం. ఎవరి వెంట, దేనికోసం అన్నది చుట్టూ ఉన్న మాటలే తెలియజేస్తాయి కాబట్టి క్రియను మార్చవలసిన పని ఉండదు. ఇంగ్లీషులో మాత్రం మార్చాలి. ‘గో ఆఫ్టర్’, ‘రన్ ఆఫ్టర్’, ‘ఛేజ్’, ‘పర్స్యూ’, ‘గో ఫర్’, ‘ఫాలో అప్’ అన్నవి నిఘంటువులో చూస్తే దాదాపు ఒకే అర్థంతో కనిపిస్తాయి. కాని ఒకటి ఉండవలసిన చోట ఇంకొకటి పెడితే, మనం మర్యాదగా చెప్పామనుకున్నది ఎదుటివారికి బెదిరింపుగా చేరవచ్చు, పట్టుదల అనుకున్నది కక్కుర్తిగా వినిపించవచ్చు. ఆఫీసులో విదేశీ క్లయింట్లకు మెయిల్స్ రాసేవారికి, ఇంటర్వ్యూలకు సిద్ధమయ్యేవారికి, ఐఈఎల్‌టీఎస్ రాసి బయటి దేశాలకు వెళ్లాలనుకునేవారికి ఈ తేడా తరచుగా అవసరమవుతుంది.

ఎంపికకు నేను సూచించే ప్రశ్న ఒకటే: వెంటపడుతున్న ఆ చివర ఉన్నది ఏమిటి? అది కళ్లెదుట పారిపోతున్నదా, సాధించవలసిన లక్ష్యమా, లెక్క అప్పజెప్పవలసిన మనిషా, లేక మనకు జవాబు ఇవ్వవలసిన మనిషా? ఈ ప్రశ్నకు జవాబు తేలితే క్రియ దాదాపు తేలినట్టే. మనం ఎంత గట్టిగా ప్రయత్నిస్తున్నాం, ఎంత వేగంగా వెళుతున్నాం అన్నవి ఆ తర్వాతి సంగతులు.

మొదట ‘గో ఆఫ్టర్’ విషయం చూద్దాం, ఎందుకంటే ఈ గుంపులో ఎక్కువ పని చేసేదీ, ఎక్కువ చిక్కు తెచ్చేదీ ఇదే. దీని తొలి అర్థం సులువు. ‘ద కానిస్టేబుల్ వెంట్ ఆఫ్టర్ ద థీఫ్’ అంటే దొంగను పట్టుకోవడానికి కానిస్టేబుల్ వెళ్లాడు అని. ఇందులో పరుగు ఉండవచ్చు, లేకపోవచ్చు. ఉండి తీరవలసింది ఉద్దేశం. ‘షి లెఫ్ట్ ద రూమ్ ఇన్ టియర్స్ అండ్ హర్ సిస్టర్ వెంట్ ఆఫ్టర్ హర్’ అన్నప్పుడు ఏడుస్తూ బయటికి వెళ్లిన అమ్మాయి వెనకాలే ఆమె అక్క వెళ్లింది; పట్టుకోవడానికి కాదు, ఓదార్చడానికి. అంటే ఈ మాటలోనే కోపం గాని, ప్రేమ గాని లేదు. ఎవరు ఎవరి కోసం వెళ్లారన్న దాన్నిబట్టి అది వచ్చి చేరుతుంది.

రెండో అర్థం ఒక లక్ష్యాన్ని గట్టిగా కోరి ప్రయత్నించడం. ‘షి ఈజ్ గోయింగ్ ఆఫ్టర్ ద మేనేజర్ పోస్ట్’ అంటే మేనేజర్ పదవి కోసం ఆమె పట్టుపట్టి ప్రయత్నిస్తోంది. ఇక్కడ ఒక అదనపు ఛాయ ఉంది: ఆ పదవి సులువుగా దొరికేది కాదు, ఇంకెవరో కూడా దాని మీద కన్నేశారు. పోటీ లేని చోట ఈ మాట అతకదు. రేషన్ కార్డులో పేరు చేర్పించుకోవడానికి ‘గో ఆఫ్టర్’ అనరు. ‘అప్లై ఫర్’ చాలు.

మూడో అర్థం దగ్గరే చాలామంది తడబడతారు. ఒక మనిషినో సంస్థనో లక్ష్యంగా చేసుకుని దెబ్బతీయడం, దోషం మోపి లెక్క తేల్చడం, మాటలతో గాని చట్టంతో గాని దాడి చేయడం ఈ అర్థంలోకి వస్తాయి. షికాగో ముఠా నాయకుడు అల్ కపోన్‌కు 1931లో 11 ఏళ్ల జైలు శిక్ష పడింది హత్యలకో మద్యం అక్రమ వ్యాపారానికో కాదు, ఆదాయపు పన్ను ఎగవేసినందుకు. ఆ సంగతి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ‘ద గవర్నమెంట్ వెంట్ ఆఫ్టర్ కపోన్ ఫర్ టాక్స్ ఇవేజన్’ అంటే సరిగ్గా సరిపోతుంది. అక్కడ ఎవరూ వీధిలో పరుగెత్తలేదు. ప్రభుత్వం లెక్కల పుస్తకాలు తిరగేసింది, సాక్షులను కూడగట్టింది, కోర్టులో నిలబెట్టింది. ఈ వాక్యంలో ‘ఫర్’ను గమనించాలి. ‘గో ఆఫ్టర్’ తర్వాత మనిషి, ఆ తర్వాత ‘ఫర్’, ఆ తర్వాత కారణం అనే ఈ వరుస వస్తే అర్థం దాదాపు ఎప్పుడూ ఈ మూడోదే.

మన క్రికెట్ అభిమానులకు ఈ అర్థం పేరు తెలియకుండానే పరిచయం. బ్యాట్స్‌మన్ ఒక బౌలర్‌ను ఎంచుకుని బాదుతుంటే వ్యాఖ్యాత ‘హి ఈజ్ గోయింగ్ ఆఫ్టర్ ద బౌలర్’ అంటాడు. 2007 సెప్టెంబరు 19న డర్బన్‌లో యువరాజ్ సింగ్ స్టువర్ట్ బ్రాడ్ ఓవర్లో వరుసగా ఆరు సిక్సర్లు కొట్టిన దాన్ని ‘యువరాజ్ వెంట్ ఆఫ్టర్ బ్రాడ్’ అని చెప్పవచ్చు, ‘యువరాజ్ ఛేజ్డ్ బ్రాడ్’ అని మాత్రం చెప్పకూడదు. అలా అంటే బ్రాడ్ మైదానంలో పరుగు లంకించుకున్నాడనీ, యువరాజ్ బ్యాటు పట్టుకుని తరిమాడనీ అర్థం వస్తుంది.

క్రికెట్‌లోనే ‘ఛేజ్’కు దాని చోటు దానికి ఉంది. ఎదుటి జట్టు పెట్టిన స్కోరును అందుకోవడం ‘ఛేజ్’. 2025 సెప్టెంబరు 28న దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్లో పాకిస్థాన్ నిర్దేశించిన 147 పరుగుల లక్ష్యాన్ని భారత్ అందుకుంది. హైదరాబాదీ తిలక్ వర్మ 69 పరుగులతో అజేయంగా నిలిచాడు. దీన్ని ‘ఇండియా ఛేజ్డ్ డౌన్ 147’ అంటారు. ‘డౌన్’ చేరితే అందుకోవడం పూర్తయిందని అర్థం; ఒట్టి ‘ఛేజింగ్’ అంటే ఆట ఇంకా నడుస్తోంది, ఫలితం తేలలేదు. మన పత్రికల క్రీడా పేజీలు దీనికి ‘ఛేదన’ అనే మాటను స్థిరపరిచాయి. ‘లక్ష్య ఛేదనలో భారత్ తడబడింది’ అని రాస్తాం. అందువల్లనేనేమో మన వారికి ‘ఛేజ్’ అంటే గెలవడం అన్న భావన కొంత అంటుకుంది. ఇంగ్లీషు ‘ఛేజ్’లో గెలుపు లేదు, వెంటపడటమే ఉంది. ‘హి ఛేజ్డ్ ద ఆర్డర్ ఫర్ టూ ఇయర్స్’ అంటే ఆ ఆర్డరు కోసం రెండేళ్లు తిరిగాడని. వచ్చిందో లేదో వాక్యం చెప్పడం లేదు.

‘ఛేజ్’తో తెలుగువారికి వచ్చే మరో ఇబ్బంది ‘తరుము’ నుంచి వస్తుంది. ‘కుక్క నన్ను తరిమింది’ అంటాం, ‘కుక్కను తరిమేశాను’ అనీ అంటాం. మొదటి దానిలో కుక్క నా వైపు వస్తోంది, నేను పారిపోతున్నాను. రెండో దానిలో కుక్కను నేను దూరంగా పంపేస్తున్నాను, దాన్ని పట్టుకోవాలన్న కోరిక నాకు లేదు. ఇంగ్లీషులో మొదటిదానికి ‘ద డాగ్ ఛేజ్డ్ మి’, రెండోదానికి ‘ఐ ఛేజ్డ్ ద డాగ్ అవే’. ఆ చివరి ‘అవే’ను వదిలేస్తే కుక్కను పట్టుకోవడానికి వీధి వెంట పరుగెత్తినట్టు అవుతుంది. కోతులు, పశువులు, పిట్టలు, అల్లరి పిల్లలు, ఎవరిని వెళ్లగొట్టినా ‘అవే’ గాని ‘ఆఫ్’ గాని ఉండాలి.

ఉచ్చారణ గురించి కూడా ఇక్కడే ఒక మాట. మనం ‘ఛేజ్’ అని రాస్తున్నాం, నేనూ అలవాటు ప్రకారం అలాగే రాస్తున్నాను. ఇంగ్లీషులో దాని చివర వచ్చే ధ్వని మాత్రం ‘స్’. ‘ఫేస్’, ‘కేస్’లతో ప్రాస కలిసేలా పలకాలి. భూతకాలంలో చివర ‘స్ట్’ వినిపిస్తుంది.

ఇక ‘రన్ ఆఫ్టర్’. ఇది అసలు పరుగుకు వాడే మాట. బస్టాండు దగ్గర రోజూ కనిపించే దృశ్యాన్ని తీసుకుంటే దీని హద్దు స్పష్టంగా తెలుస్తుంది. ఆర్టీసీ బస్సు స్టాపులో ఆగి ఉంది, కండక్టర్ ఇంకా గంట కొట్టలేదు, మీరు రోడ్డుకు అవతల ఉన్నారు, అందుకోవడానికి పరుగు తీశారు. అది ‘రన్ ఫర్ ద బస్’. బస్సు కదిలింది, డ్రైవర్ గేరు మార్చాడు, మీరు చెయ్యి ఊపుతూ వెనకాల పరుగెడుతున్నారు. అది ‘రన్ ఆఫ్టర్ ద బస్’. మీ పరుగు రెండింటిలో ఒకటే. బస్సు ఆగి ఉందా, వెళ్లిపోతోందా అన్నదే తేడా. వెంటపడటం అనే అర్థంలో ‘ఆఫ్టర్’ వచ్చినప్పుడల్లా ముందున్నది దూరమవుతూ ఉంటుందన్న సూచన ఉంటుంది. ‘గో ఆఫ్టర్’లో పోటీ ఛాయ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా దీనివల్ల బోధపడుతుంది.

పరుగు లేని చోట ‘రన్ ఆఫ్టర్’ను వాడితే అందులోకి చులకన చేరుతుంది. ‘హి రన్స్ ఆఫ్టర్ మినిస్టర్స్’ అంటే మంత్రుల వెనకాల తిరిగే మనిషి అని, గౌరవం లేకుండా. ‘షి హాజ్ నెవర్ రన్ ఆఫ్టర్ ఫేమ్’ అంటే కీర్తి కోసం ఎన్నడూ వెంపర్లాడలేదు అని, మెచ్చుకోలుగా. ఆ మెచ్చుకోలు కూడా ‘రన్ ఆఫ్టర్’ చేయడం తక్కువ పని అన్న భావన మీదే నిలబడి ఉంది. కనుక మీ సొంత లక్ష్యం గురించి ఇంటర్వ్యూలో చెప్పేటప్పుడు ‘ఐ యామ్ రన్నింగ్ ఆఫ్టర్ ఎ గుడ్ జాబ్’ అనకండి. మిమ్మల్ని మీరే తగ్గించుకున్నట్టు అవుతుంది.

దీనికంటే పెద్ద చిక్కు ‘రన్నింగ్ బిహైండ్’ తెస్తోంది. డబ్బు వెనకాల పరుగెడుతున్నాడు అన్న మన మాటను యథాతథంగా దించి ‘హి ఈజ్ రన్నింగ్ బిహైండ్ మనీ’ అనడం తెలుగువారిలోనే కాదు, దేశమంతా ఉంది. హిందీవారికీ ‘పీఛే భాగ్‌నా’ ఉంది కాబట్టి మనలో మనం మాట్లాడుకుంటే ఇబ్బంది లేకుండా అర్థమైపోతుంది. ఇబ్బంది దేశం దాటాక మొదలవుతుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారికి ‘రన్నింగ్ బిహైండ్’ అంటే ఆలస్యం కావడం. ‘వి ఆర్ రన్నింగ్ బిహైండ్’ అంటే పని అనుకున్న సమయానికి కాలేదు, వెనకబడ్డాం అని. ప్రాజెక్టు మీటింగులో ‘ద టీమ్ ఈజ్ రన్నింగ్ బిహైండ్ ద క్లయింట్ ఫర్ అప్రూవల్’ అని మనవారు అంటే, క్లయింటు వెంటపడి అనుమతి అడుగుతున్నాం అని మన ఉద్దేశం; అవతలి వారికి అందేది మాత్రం జట్టు ఏదో పనిలో వెనకబడిందన్న అనుమానం. వెంటపడటం అనే అర్థంలో ‘బిహైండ్’ను పూర్తిగా వదిలేయమని నా గట్టి సలహా. ‘గోయింగ్ బిహైండ్’కూ ఇదే వర్తిస్తుంది. డబ్బు విషయంలో ‘హి ఈజ్ ఆఫ్టర్ మనీ’, ‘హి ఈజ్ ఛేజింగ్ మనీ’ రెండూ సహజమైన మాటలు.

‘పర్స్యూ’ వీటిలో పెద్దమనిషి లాంటిది. ‘గో’, ‘ఆఫ్టర్’ రెండూ ఇంగ్లీషు నేల మీద పుట్టిన పాత మాటలు. ‘పర్స్యూ’, ‘ఛేజ్’ 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తర్వాత ఫ్రెంచి ద్వారా వచ్చి చేరాయి. అలా వచ్చిన మాటల్లో కోర్టుకు, చదువుకు, రాజ్యాంగానికి తగిన గాంభీర్యం చాలా వాటికి అబ్బింది. కోర్టులో నేరారోపణ నడపడాన్ని తెలిపే ‘ప్రాసిక్యూట్’, ఈ ‘పర్స్యూ’ ఒకే లాటిన్ ధాతువు నుంచి పుట్టాయి. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో మనిషికి జీవించే హక్కు, స్వేచ్ఛ, ఆనందాన్ని అన్వేషించే హక్కు ఉన్నాయని చెప్పిన చోట వాడిన మాట ‘పర్స్యూట్ ఆఫ్ హ్యాపినెస్’. అక్కడ ‘ఛేజ్’ పడి ఉంటే ఆనందం చేతికి చిక్కకుండా పారిపోయేదిగా కనిపించేది. ‘పర్స్యూ’లో తొందర లేదు, ఏళ్ల తరబడి, ఒక పద్ధతిగా సాగే ప్రయత్నం ఉంది. చదువు, వృత్తి, ఆశయం, పరిశోధన, న్యాయపరమైన చర్య వంటివన్నీ దీనికి తగిన కర్మలు.

‘గో ఆఫ్టర్’కు లేనిదీ ‘పర్స్యూ’కు ఉన్నదీ ఇంకొకటి ఉంది, అది నామవాచకం. ‘పర్స్యూట్’ అని వాక్యంలో కర్తగానో కర్మగానో పెట్టుకోవచ్చు. ‘గో ఆఫ్టర్’ను అలా పెట్టడానికి వీల్లేదు. కొన్ని చోట్ల ఆ నామం చట్టంలోనే స్థిరపడింది. తీర దేశం తన జలాల్లో నేరం చేసిన విదేశీ నౌకను ఆగకుండా తరుముతూ బయటి సముద్రంలోకి సైతం వెళ్లి పట్టుకునే హక్కును 1982 నాటి ఐక్యరాజ్య సమితి సముద్ర చట్ట ఒప్పందం 111వ అధికరణంలో ‘హాట్ పర్స్యూట్’ అన్నారు. దాన్ని ‘హాట్ ఛేజ్’ అనడానికి లేదు. స్థిరపడిన పదబంధాల్లో మన ఇష్టానికి తావుండదు. దొరకనిదాని కోసం వృథాగా తిరగడం అనే అర్థంలో వాడే ‘వైల్డ్ గూస్ ఛేజ్’ను ‘పర్స్యూట్’గా మార్చలేకపోవడమూ ఇలాంటిదే.

మన బయోడేటాల్లో ‘ఐ యామ్ పర్స్యూయింగ్ మై బి.టెక్ ఫ్రమ్’ అని మొదలయ్యే వాక్యం లేనివి తక్కువ. ఇది తప్పు అని కొందరు కొట్టిపారేస్తారు, నేను ఒప్పుకోను. రాతలో ‘పర్స్యూయింగ్ ఎ డిగ్రీ’ అన్నది ఏ దేశంలోనైనా చెల్లే వాక్యమే. సరిచేసుకోవలసినవి రెండున్నాయి. కాలేజీ పేరుకు ముందు ‘ఫ్రమ్’ కాదు, ‘ఎట్’ రావాలి. చదువుతున్నది అక్కడ, పట్టా పుచ్చుకున్న తర్వాత మాత్రమే ‘ఫ్రమ్’ సరిపోతుంది. రెండోది, నోటి మాటగా ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగినప్పుడు ‘పర్స్యూ’ బరువుగా ఉంటుంది. ‘ఐ యామ్ స్టడీయింగ్ సివిల్ ఇంజినీరింగ్’ అంటే హాయిగా ఉంటుంది. చదువు అయిపోయిన వారు ‘పర్స్యూడ్’ అని రాయకపోవడం మంచిది. ప్రయత్నించారు గాని పూర్తి చేయలేదేమో అన్న సందేహం మిగులుతుంది. ‘కంప్లీటెడ్’ అనో ‘ఎర్న్‌డ్’ అనో రాస్తే సందేహం ఉండదు.

అన్నింటికంటే జాగ్రత్తగా ఎంచుకోవలసిన చోటు ఆఫీసు మెయిల్. రావలసిన చెల్లింపు రాలేదు. మేనేజరు అడిగాడు. మీరు జవాబుగా ‘ఐ విల్ గో ఆఫ్టర్ ద క్లయింట్ ఫర్ ద పేమెంట్’ అని రాశారనుకుందాం. మీ మనసులో ఉన్నది ఫోను చేసి గుర్తు చేస్తానని. రాసింది మాత్రం అల్ కపోన్ వాక్యం: మనిషి, ‘ఫర్’, కారణం. చదివినవారికి లాయరు నోటీసు గుర్తుకొస్తుంది. పొరపాటున ఆ మెయిల్ క్లయింటుకు కూడా వెళ్లే వరుసలో ఉంటే బంధం చెడుతుంది. ఇక్కడ కావలసిన మాట ‘ఫాలో అప్’: ‘ఐ విల్ ఫాలో అప్ విత్ ద క్లయింట్ ఆన్ ద పేమెంట్’. మనిషి ముందు ‘విత్’, విషయం ముందు ‘ఆన్’. ఈ రెండు చిన్న మాటలు తారుమారు కాకూడదు. క్లయింటుకే నేరుగా రాస్తుంటే ‘ఐ యామ్ ఫాలోయింగ్ అప్ ఆన్ మై మెయిల్ ఆఫ్ మండే’ అంటే మర్యాదగానూ ఉంటుంది, ఏ మెయిల్ సంగతో కూడా తెలుస్తుంది.

‘ఛేజ్’ ఈ సందర్భంలో మధ్యస్థంగా నిలుస్తుంది. బ్రిటన్ ఆఫీసుల్లో ‘ఛేజ్ అప్’ రోజువారీ మాట. ‘కెన్ యు ఛేజ్ అప్ ద ఇన్‌వాయిస్’ అంటే ఆ బిల్లు సంగతి కొంచెం కదిలించమని. అందులో కోపం లేదు. కాని అది మనలో మనం అనుకునే మాట. ‘ఐ హావ్ బీన్ ఛేజింగ్ దెమ్ ఫర్ టూ వీక్స్’ అని తోటి ఉద్యోగితో చెప్పుకోవచ్చు. ఎవరి వెంటపడుతున్నామో వారికే ‘ఐ యామ్ ఛేజింగ్ యు’ అని రాస్తే విసుగు బయటపడుతుంది. ‘గో ఆఫ్టర్’ను నిజంగానే వాడవలసిన రోజూ రావచ్చు. ఎన్నిసార్లు అడిగినా డబ్బు ఇవ్వలేదు, కోర్టుకు వెళ్లాలని కంపెనీ నిర్ణయించింది, అప్పుడు ‘వి ఆర్ గోయింగ్ ఆఫ్టర్ దెమ్ ఫర్ ద ఫుల్ అమౌంట్’ అన్నది సరైన బలం ఉన్న వాక్యం. అదే సంగతి ఉత్తరంలో రాయవలసివస్తే ‘వి విల్ పర్స్యూ లీగల్ యాక్షన్’ అని రాయాలి.

ఇదే ఆఫీసులో, ఇదే క్లయింటు అనే మాటతో, ‘గో ఆఫ్టర్’ పూర్తిగా మంచి అర్థం కూడా ఇస్తుంది. ‘వి ఆర్ గోయింగ్ ఆఫ్టర్ న్యూ క్లయింట్స్’ అంటే కొత్త క్లయింట్లను సంపాదించడానికి ప్రయత్నిస్తున్నామని. ఇంకా మన చేతిలో లేనివారిని ‘గో ఆఫ్టర్’ చేస్తే అది కోరిక. ఇప్పటికే మనకు తెలిసిన ఫలానా వారిని ‘గో ఆఫ్టర్’ చేస్తే అది దాడి. ఈ సూత్రం అన్నిచోట్లా పనిచేస్తుందని చెప్పను గాని, వ్యాపార ఇంగ్లీషులో చాలా వరకు నిలుస్తుంది.

ఉద్యోగం విషయంలో ‘గో ఫర్’, ‘గో ఆఫ్టర్’ల మధ్య కూడా ఎంచుకోవలసి వస్తుంది. ‘ఐ డిసైడెడ్ టు గో ఫర్ ద జాబ్’ అంటే ప్రయత్నించి చూద్దామని నిశ్చయించుకున్నాను. అప్లికేషన్ పెట్టినా సరిపోతుంది. ‘ఐ వెంట్ ఆఫ్టర్ దట్ జాబ్’ అంటే తెలిసినవారిని కలిశాను, చదివాను, మళ్లీ మళ్లీ ప్రయత్నించాను. ఇంటర్వ్యూలో రెండోది చెబితే దాని వెనక ఏం చేశారో చెప్పడానికి సిద్ధంగా ఉండాలి, లేకపోతే ఒట్టి గొప్పగా మిగులుతుంది. హోటల్లో దోశ ఎంచుకోవడానికి ‘గో ఫర్’ చాలు. ఒక హెచ్చరిక: జంతువుల విషయంలో ‘గో ఫర్’ మీద పడటం. ‘ద డాగ్ వెంట్ ఫర్ హిమ్’ అంటే కుక్క అతని కోసం వెళ్లిందని కాదు, కరవడానికి మీదికి దూకిందని.

‘కమ్ ఆఫ్టర్’ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వెంటపడేవారు మన వైపు వస్తుంటే ‘కమ్’, మన నుంచి అటు వెళుతుంటే ‘గో’. తెలుగులో వచ్చు, వెళ్లు అనే క్రియల మధ్య మనం సహజంగా పాటించే తేడాయే. అయితే ‘గో ఆఫ్టర్’, ‘కమ్ ఆఫ్టర్’ రెంటికీ ‘తర్వాత’ అనే సాదా అర్థం కూడా ఉంది. పరీక్ష హాలు బయట ‘యు గో ఆఫ్టర్ మి’ అంటే నా వంతు అయ్యాక నీ వంతు అని తప్ప ఎవరూ ఎవరినీ తరమడం లేదు.

వ్యాకరణంలో గుర్తుంచుకోవలసింది కొద్దిగానే ఉంది. ‘గో ఆఫ్టర్’ విడిపోదు. ‘గో ఆఫ్టర్ హిమ్’ అనాలి, ‘గో హిమ్ ఆఫ్టర్’ అనకూడదు. ‘ఛేజ్ డౌన్’, ‘ట్రాక్ డౌన్’ విడిపోతాయి, సర్వనామం వస్తే విడిపోయి తీరాలి కూడా: ‘ట్రాక్ హిమ్ డౌన్’. భూతకాలం ‘వెంట్ ఆఫ్టర్’. ‘గో’కు భూతకాలంగా ఇప్పుడున్న ‘వెంట్’ నిజానికి ‘వెండ్’ అనే వేరే క్రియకు చెందిన రూపం. మన ‘వెంట’తో దానికి చుట్టరికం ఏమీ లేకపోయినా ధ్వని కలిసింది కాబట్టి గుర్తుపెట్టుకోవడానికి పిల్లలకు పనికొస్తుంది. కర్మణి వాక్యంలో ‘హి వాజ్ గాన్ ఆఫ్టర్’ అన్నది ఎబ్బెట్టుగా ఉంటుంది. అలాంటి వాక్యం కావాలంటే ‘హి వాజ్ పర్స్యూడ్’, ‘హి వాజ్ ఛేజ్డ్’, లేదా దాడి అర్థమైతే ‘హి వాజ్ టార్గెటెడ్’ అని మార్చుకోవాలి.

అమ్మాయిల వెంటపడటం అన్న మాటను ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు మరింత శ్రద్ధ కావాలి. సినిమాల వల్ల మన మాటలో ఈ ‘వెంటపడటం’ ప్రేమలో ఒక మెట్టు అన్నట్టు స్థిరపడింది. ఇంగ్లీషులో ‘హి పర్స్యూడ్ హర్’ అంటే ఆమె మనసు గెలవడానికి ప్రయత్నించాడని, మర్యాదగా. ‘హి వాజ్ ఆఫ్టర్ హర్’ అంటే ఆమె మీద కన్నేశాడని, కొంత అనుమానంతో. ఆమె వద్దన్న తర్వాత కూడా సాగితే ఈ రెండూ చెల్లవు. దాని పేరు ‘స్టాకింగ్’, అది నేరం. 2013లో భారతీయ శిక్షా స్మృతిలో 354డి సెక్షన్‌గా చేరిన ఈ నేరం 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్‌గా ఉంది. ఆ సెక్షన్ ఇంగ్లీషు పాఠం వాడిన క్రియలు ‘ఫాలో’, ‘కాంటాక్ట్’. అయిష్టాన్ని స్పష్టంగా తెలిపినా మళ్లీ మళ్లీ చేయడం అందులో కీలకం. హైదరాబాద్‌లో 2014 అక్టోబరులో మొదలైన షీ టీమ్స్‌కు గాని, పోలీసు స్టేషన్‌లో గాని, కాలేజీ కమిటీకి గాని ఇంగ్లీషులో ఫిర్యాదు రాయవలసిన అమ్మాయి ‘హి ఈజ్ రన్నింగ్ బిహైండ్ మి’ అనో ‘హి ఈజ్ గోయింగ్ ఆఫ్టర్ మి’ అనో రాస్తే జరిగిన దాని తీవ్రత అందదు. ‘హి హాజ్ బీన్ ఫాలోయింగ్ మి’ అని రాసి, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా వచ్చాడో, ఏ తేదీల్లో వచ్చాడో చేర్చి, ‘ఐ హావ్ క్లియర్లీ టోల్డ్ హిమ్ టు స్టాప్’ అన్న వాక్యం తప్పకుండా పెట్టాలి. ఫిర్యాదు తెలుగులోనే ఇవ్వవచ్చు, అలా ఇవ్వడానికి ఏ మాత్రం వెనకాడనక్కరలేదు. ఆ తెలుగు ఫిర్యాదులోనూ ‘వెంటపడుతున్నాడు’ అని ఆపేయకుండా ‘వద్దని చెప్పినా అనుసరిస్తున్నాడు’ అని రాస్తే మేలు.

‘ఆఫ్టర్’ చేరినంత మాత్రాన ప్రతిదీ వెంటపడటం కాదు. ‘లుక్ ఆఫ్టర్’ అంటే బాగోగులు చూసుకోవడం, ‘టేక్ ఆఫ్టర్’ అంటే పోలికలు రావడం, ‘ఆస్క్ ఆఫ్టర్’ అంటే ఒకరి క్షేమం కనుక్కోవడం. బ్రిటన్ దుకాణంలో ‘వాట్ ఆర్ యు ఆఫ్టర్?’ అని అడిగితే మీ మీద అనుమానంతో కాదు, ఏం కావాలని. ఐర్లండులో చదువుకోవడానికి వెళ్లిన మనవారికి ఇంకొకటి ఎదురవుతుంది. అక్కడివారు ‘ఐ యామ్ ఆఫ్టర్ హావింగ్ మై డిన్నర్’ అంటే భోజనం కోసం వెతుకుతున్నారని కాదు, ఇప్పుడే తిన్నారని. ఐరిష్ భాష వాక్య నిర్మాణం వారి ఇంగ్లీషులోకి అలా వచ్చి నిలిచింది. అది విని భోజనం వడ్డించబోవద్దు.

ఐఈఎల్‌టీఎస్‌కు సిద్ధమయ్యేవారు వీటిని రెండు అరల్లో పెట్టుకోవాలి. మాట్లాడే పరీక్షలో మార్కులిచ్చే నాలుగు అంశాల్లో పదసంపద ఒకటి, అక్కడ సహజంగా నోట వచ్చే ఫ్రేజల్ వర్బ్‌కు, అంటే ‘గో ఆఫ్టర్’ లాగా క్రియకు చిన్న మాట చేరి ఏర్పడే పదబంధానికి, విలువ ఉంటుంది. ‘మై బ్రదర్ రియల్లీ వెంట్ ఆఫ్టర్ దట్ స్కాలర్‌షిప్’ అంటే బాగుంటుంది. కనీసం 250 మాటలు రాయవలసిన వ్యాసంలో మాత్రం అదే భావానికి ‘మెనీ స్టూడెంట్స్ పర్స్యూ స్కాలర్‌షిప్స్ అబ్రాడ్’ అని రాయాలి. ‘పర్స్యూ’ పలికేటప్పుడు ఊనిక రెండో అక్షరం మీద ఉండాలి, ‘స్యూ’ దగ్గర. మనవారు మొదటి ‘పర్’ను నొక్కి పలకడం వల్లనే వినేవారు ఒక్కోసారి ఆ మాటను పోల్చుకోలేకపోతారు.